స్క్లెరల్ లెన్స్ దిగబడితే: ఎడమ కంటికి మూడు లెన్సులు పట్టిన కేసు

స్క్లెరల్ లెన్స్ (కార్నియాను తాకకుండా తెల్లగుడ్డు మీద ఆనే పెద్ద కాంటాక్ట్ లెన్స్) పెట్టగానే కనిపించిన క్లియరెన్స్, అంటే లెన్స్‌కూ కార్నియాకూ (కంటి ముందుండే పారదర్శక పొర) మధ్య నీటి మందం, సాయంత్రానికి అంత ఉండదు. లెన్సులు అమర్చే వాళ్ళందరికీ ఇది తెలిసిందే. తెలిసి కూడా ఈ కేసులో రెండు లెన్సులు వృథా అయ్యాయి. లెన్స్ ఎంత దిగిందో కొలుస్తూ కూర్చున్నాం గాని, ఏ పక్కన దిగిందో, ఎందుకు దిగిందో ఆలస్యంగా చూశాం. రోగి ఆనవాలు పట్టకుండా వయసు, ఊరు, పని వివరాలు కొంత మార్చాం. కంటి కొలతలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఇస్తున్నాం.

నేపథ్యం

రోగి ఇరవైల చివర్లో ఉన్న అమ్మాయి, పర్లాకిమిడి వైపు పల్లె. ఇంట్లో తెలుగు, పని దగ్గర ఒడియా. జీడిపప్పు షెడ్డులో గ్రేడింగ్ చేస్తుంది. గుండు, బద్ద, ముక్క వేరుచేయడం, గుండులో మళ్ళీ 240 రకం, 320 రకం విడగొట్టడం ఆమె పని. చేతి దూరంలో చూపు సరిగ్గా ఉంటేనే కూలి గిట్టే పని అది. సీజన్‌లో పని ఎక్కువైతే గింజ కొట్టే దగ్గర కూడా కూర్చుంటుంది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

రెండు కళ్ళకూ కెరటోకోనస్ (కార్నియా పలచబడి కోన్‌లా ముందుకు పొడుచుకొచ్చే జబ్బు). మూడేళ్ళ కిందట కార్నియాను గట్టిపరిచే క్రాస్‌లింకింగ్ అయింది. ఏడాదిగా టోపోగ్రఫీలో (కార్నియా వంపుల పటం) మార్పు లేదు. కుడి కన్ను మధ్యస్థం, కళ్ళజోడుతో 6/18. అసలు చిక్కు ఎడమ కంటితో. అత్యధిక వక్రత 64 డయాప్టర్లు దాటింది, అతి పలుచని చోట మందం 410 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), కోన్ శిఖరం మధ్య నుంచి కొంచెం కిందికీ చెవి వైపుకీ జరిగి ఉంది, దాని మీద సన్నని మచ్చ. కళ్ళజోడుతో 6/60. కార్నియా అడ్డు కొలత 11.5 మిల్లీమీటర్లు. కార్నియా వెనక పొరలోని ఎండోథీలియల్ కణాల సంఖ్య వయసుకు తగ్గట్టే ఉంది. స్క్లెరల్ లెన్స్ ఆలోచించే ముందు ఈ సంఖ్య చూడకుండా ముందుకు పోకూడదు. లెన్స్ కింద ఆక్సిజన్ తగ్గితే కార్నియాలోకి చేరే నీటిని తోడిపోసేది ఆ కణాలే. పై రెప్ప లోపల చిన్న పొక్కులున్నాయి, ఎండాకాలంలో దురద. రుద్దుకునే అలవాటు మానిందని ఆమె అంది. పూర్తిగా మానలేదని వాళ్ళమ్మ అంది.

అంతకుముందు రెండేళ్ళు చిన్న గట్టి లెన్స్ వాడింది. షెడ్డులో పొట్టు దుమ్ము దాని కింద దూరేది, రెండుసార్లు లెన్స్ ఊడి పోయింది, మచ్చ పడిన చోటే రుద్దుకునేది. స్క్లెరల్‌కు మారడానికి ఈ మూడూ చాలినన్ని కారణాలు. కార్నియాను తాకకుండా దాని మీద నీటి గొడుగులా నిలుస్తుంది, తేలిగ్గా ఊడదు, కిందికి దుమ్ము పోయే దారి తక్కువ. అంచులు సరిగ్గా కూర్చుంటేనే సుమా.

మొదటి లెన్స్, మొదటి లెక్క

16 మిల్లీమీటర్ల ట్రయల్ సెట్ (కొలత చూసేందుకు పెట్టి తీసే లెన్సులు) వాడాం. మధ్య మందం 350 మైక్రాన్లు. ఈ అంకె ముందే తెలిసి ఉండాలి, కన్ను చూసే సూక్ష్మదర్శిని స్లిట్ ల్యాంప్‌లో మనకు స్కేలు అదే. లెన్స్ గిన్నెలో సెలైన్ నింపి, అందులో ఫ్లోరెసిన్ (పచ్చగా మెరిసే రంగు) స్ట్రిప్ తాకించి, తల నేలకు సమాంతరంగా వంచి పెట్టాక, సన్నటి తెల్లటి వెలుగు చీలికను ఒక పక్క నుంచి వేస్తే మూడు పట్టీలు వరసగా కనిపిస్తాయి. ముందు లెన్స్, దాని వెనక పచ్చగా నీరు, ఆ వెనక కార్నియా. పచ్చ పట్టీ లెన్స్ పట్టీ అంత ఉంటే 350, సగముంటే 175. కార్నియా మందంతో పోల్చే అలవాటు కొందరికి ఉంది. కెరటోకోనస్‌లో అది పనికిరాదు. మందం చోటుకొక రకంగా ఉండే పొరను స్కేలు చేసుకుంటే లెక్క తప్పకుండా తప్పుతుంది. మా దగ్గర ముందుభాగం ఓసీటీ (కంటి పొరలను అడ్డుకోతలా చూపే స్కానర్) లేదు. కాబట్టి కింద ఇచ్చిన క్లియరెన్స్ అంకెలన్నీ ఇలా కంటితో వేసిన అంచనాలే, 30 నుంచి 50 మైక్రాన్ల వరకు అటూఇటూ ఉండొచ్చు.

శాగ్ (లెన్స్ గిన్నె లోతు) తక్కువున్న ట్రయల్ పెట్టగానే శిఖరం తగిలింది. 4,700 మైక్రాన్లది పెడితే శిఖరం మీద 300 క్లియరెన్స్ వచ్చింది. 40 నిమిషాలకు 250. కొలత మధ్యలో కాకుండా శిఖరం మీదే తీశాం. కోన్ పక్కకు జరిగిన కంటిలో లెన్స్ నడిమి అంకె ఊరట ఇస్తుంది గాని నిజం చెప్పదు.

ఇక్కడ వేసిన లెక్క ఇది. స్క్లెరల్ లెన్స్ సాధారణంగా రోజు మొత్తంలో 100 మైక్రాన్లు, అటూఇటూగా, దిగుతుంది. అందులో పెద్ద వాటా మొదటి గంటలోనే పోతుంది, తర్వాత నాలుగు నుంచి ఎనిమిది గంటల్లో మెల్లగా నిలకడకొస్తుంది. 40 నిమిషాల్లో 50 పోయింది కాబట్టి ఇంకో 50 పోతుంది, 200 దగ్గర ఆగుతుంది అనుకున్నాం. మేమున్న బరంపురం నుంచి ఆమెకు చివరి బస్సు టైం అవుతోంది. నాలుగు గంటలు ఆగి మళ్ళీ చూద్దాం అనే మాట ఆ రోజు ఎవరూ అనలేదు. గుండ్రటి ల్యాండింగ్‌తో (ల్యాండింగ్ అంటే తెల్లగుడ్డు మీద ఆనే అంచు భాగం) 4,700 లెన్స్ ఆర్డరు పెట్టాం.

లెక్కలో తప్పు లేదు, దాని కింద ఉన్న ఊహలో ఉంది. లెన్స్ అంచు కూర్చునేది గట్టి స్క్లెరా (తెల్లగుడ్డు) మీద కాదు, దాని పైనున్న కంజంక్టైవా, టెనాన్ పొరల మీద. అవి పరుపు లాంటివి. రెప్ప కొట్టినప్పుడల్లా పరుపు అణుగుతుంది, లెన్స్ కింది నీరు రవ్వంత బయటికి జారుతుంది, అంచు మూసుకుని ఉంటే జారిన నీరు తిరిగి రాదు. అలా మెల్లగా చూషణ పుడుతుంది, లెన్స్ ఇంకా లోపలికి లాగబడుతుంది. బరువు చుట్టూ సమంగా పడితే పరుపు కొంతమేర అణిగి ఆగుతుంది. రెండు చోట్లే పడితే ఆ రెండు చోట్లా ఎక్కువ లోతుకు పోతుంది. 40 నిమిషాల కొలత నుంచి మిగతాది ఊహించడం మొదటి రకానికి చెల్లుతుంది. రెండో రకం సంగతి మేం చూడలేదు.

రెండు వారాలకు

చూపు ఎడమ కంట 6/9. అది చూసి సంతోషపడ్డాం. ఫిర్యాదులు మూడు.

"పొద్దుట అద్దంలా ఉంటాది సార్. మజ్జాన్నం దాటిందంటే పొగమంచులో చూసినట్టే."

సాయంత్రం ముక్కు వైపు తెల్లగుడ్డు ఎర్రబడుతోంది. మూడోది ఆమె కాస్త భయంగా చెప్పింది: "తీసేటప్పుడు గుడ్డు కూడా ఊడొచ్చేస్తాదేమో అన్నట్టు లాగుతాది."

ఆ రోజు శిఖరం మీద 240 కనిపించింది. అంతా బాగుందనిపించింది. ఓవర్‌రిఫ్రాక్షన్‌లో (లెన్స్ పెట్టి ఉండగా చేసే పవర్ పరీక్ష) 1.25 సిలిండర్ (ఒక దిశలోనే ఉండే పవర్) మిగిలింది. దాన్ని లెన్స్ ముందు తలం మీద టోరిక్ (రెండు దిశల్లో రెండు రకాల వంపు) వేసి సరిచేద్దామని కాగితం మీద రాసి పెట్టుకున్నాం. పొగను మధ్యాహ్నపు మసకగా తీసుకున్నాం. స్క్లెరల్ వాడేవాళ్ళలో ఇది మామూలు బాధే. లెన్స్ కింది నీటిలో కొవ్వు, శ్లేష్మం, రాలిన కణాలు చేరి నీరు చిక్కబడుతుంది. మందు కూడా మామూలుదే చెప్పాం. మధ్యాహ్నం ఒకసారి తీసి, కడిగి, కొత్త సెలైన్ నింపి పెట్టుకోవాలి. గిన్నెలో ప్రిజర్వేటివ్ లేని కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ చుక్కలు రెండు కలపాలి, నీరు కొంచెం చిక్కగా ఉంటే బయటి మురికి తేలిగ్గా దూరదు.

తీయడం ఎలాగో మళ్ళీ నేర్పించాం. ముందు రెండు చుక్కల సెలైన్. తర్వాత కింది రెప్ప అంచుతో లెన్స్ అంచు పక్కన తెల్లగుడ్డును మెల్లగా నొక్కాలి, చిన్న గాలి బుడగ లోపలికి పోవాలి. బుడగ పోయిందంటే పట్టు విడిచినట్టే. అప్పుడు చిన్న రబ్బరు కప్పు లాంటి తడిపిన ప్లంజర్‌ను లెన్స్ నడుమ కాకుండా కింది అంచు దగ్గర ఆనించి, అంచును ముందుకు ఎత్తాలి. నడుమ పట్టి నేరుగా లాగితే లెన్స్ కింద చూషణ పెరుగుతుంది, కార్నియా నలుగుతుంది.

ఇదంతా చేశాక ఒక ప్రశ్న అడిగాం, నిజానికి ముందే అడగాల్సింది: "అమ్మా, ఈరోజు లెన్స్ ఎప్పుడు పెట్టావు?"

"ఇక్కడికొచ్చాకే సార్. బస్సులో దుమ్ము కదా, డబ్బాలో తెచ్చుకున్నాను."

అంటే మేం చూసింది గంట వయసున్న లెన్స్‌ను. ఆమె చెప్తున్నది ఏడెనిమిది గంటల తర్వాతి కన్ను గురించి.

బస్సు ప్రయాణమే పరీక్ష

పర్లాకిమిడి నుంచి పలాస, ఇచ్ఛాపురం మీదుగా బరంపురం వస్తే ఒడిశాలో బయల్దేరి, ఆంధ్రాలోకి దిగి, మళ్ళీ ఒడిశాలోకి ఎక్కాలి. దాదాపు నాలుగు గంటలు. తర్వాతి వారం ఆమెను ఇంట్లోనే 5 గంటలకు లెన్స్ పెట్టుకుని 6 గంటల బస్సుకు రమ్మన్నాం. దుమ్ముకు పక్కలు మూసిన సాదా కళ్ళజోడు ఇచ్చాం. పెట్టిన టైం చీటీ మీద రాసుకుని రావాలి. 11 గంటలకు స్లిట్ ల్యాంప్ ముందు కూర్చునేసరికి లెన్స్ వయసు ఆరు గంటలు.

శిఖరం మీద పచ్చ పట్టీ లెన్స్ పట్టీలో మూడో వంతు కూడా లేదు, సుమారు 100. అంటే 300 నుంచి 200 దిగింది. లెన్స్ మొత్తంగా కిందికీ చెవి వైపుకీ జారింది. దాంతో పైన, ముక్కు వైపు లింబస్ (కార్నియా, తెల్లగుడ్డు కలిసే అంచు) మీద పచ్చదనమే లేదు, అక్కడ లెన్స్ ఆనుతోంది. తీశాక ఫ్లోరెసిన్ వేస్తే అదే చోట వంపు గీతలా రంగు పట్టింది. కార్నియా పై పొరను నిరంతరం పుట్టించే మూలకణాలు లింబస్‌లోనే ఉంటాయి. అక్కడ రోజూ ఒరుసుకుంటే ఇవాళ కాకపోయినా రేపు దెబ్బ తప్పదు. శిఖరం మీద 100 మిగలడం కన్నా మమ్మల్ని ఎక్కువ కంగారుపెట్టింది ఇదే.

పనిచేయనిది: శాగ్ పెంచడం

క్లియరెన్స్ తగ్గింది కాబట్టి పెంచుదాం అనుకున్నాం. చేతికి ముందు తోచేది అదే, ఈ కేసులో పెద్ద తప్పూ అదే. 4,850 శాగ్‌తో, ల్యాండింగ్ ముట్టుకోకుండా, రెండో లెన్స్ చేయించాం. 200 దిగినా 250 మిగులుతుంది, లింబస్ కూడా తేలుతుంది అని ఆలోచన.

పెట్టగానే 450. ఆరు గంటలకు 230. కాగితం మీద మేం కోరుకున్నదే వచ్చింది. కంటిలో మాత్రం అన్నీ అధ్వాన్నమయ్యాయి. మసక మధ్యాహ్నం కాదు, పదింటికే మొదలవుతోంది. ఎరుపు పెరిగింది. సాయంత్రం బల్బు చుట్టూ రంగుల వలయం కనిపిస్తోందని కొత్త ఫిర్యాదు. చూపు 6/12కు పడింది.

వలయాలంటే తేలిగ్గా తీసుకోకూడదు. అడాల్ఫ్ ఫిక్ 1888లో గాజు స్క్లెరల్ లెన్సుల గురించి రాసిన తర్వాత దశాబ్దాల పాటు వాటిని వాడినవాళ్ళను కొన్ని గంటలకే ఈ వలయాల తెరే కమ్మేసేది. దానికి శాట్లర్ తెర అని పేరు కూడా పెట్టారు. గాజులోంచి ఆక్సిజన్ పోదు, కార్నియా ఉబ్బుతుంది, వెలుగు విరిగి రంగులుగా విడిపోతుంది. ఇప్పటి మెటీరియల్ ఆక్సిజన్‌ను బాగా పోనిస్తుంది. కానీ లెన్స్ మందం మీద నీటి మందం చేరితే కార్నియాకు అందేది తగ్గుతుంది. అందుకే సిద్ధాంత లెక్కలు వేసినవాళ్ళు లెన్స్ 250 మైక్రాన్లకు, దిగాక మిగిలే నీరు 200కు మించకపోతే మేలంటారు. మన దగ్గర వాడే లెన్సులు చాలా వరకు 250 కన్నా మందమే. కాబట్టి నీటి దగ్గరే పొదుపు చేయాలి. ఈమెకు పెట్టకముందు, తీసిన వెంటనే అదే చోట పాకిమీటర్ (కార్నియా మందం కొలిచే పరికరం) పెట్టి చూస్తే 410 కాస్తా 430 అయింది, దాదాపు 5 శాతం ఉబ్బు. పాకిమీటర్ మొన కొంచెం జరిగినా కోన్ మీద అంకె మారుతుంది, అందుకే మూడేసిసార్లు తీసి సగటు చూశాం. రాత్రి నిద్రలో మామూలు కంటికి వచ్చే ఉబ్బు కన్నా ఇది ఎక్కువ. ఆ రోజే రెండో లెన్స్ ఆపేశాం. మూడోది వచ్చేవరకు ఎడమ కంటికి ఏమీ పెట్టొద్దన్నాం.

శాగ్ పెంచినా లెన్స్ అంతే, 220 దాకా, దిగింది. అదే మాకు దారి చూపించింది. గొడుగు ఎత్తు పెంచినా దిగే లోతు తగ్గలేదంటే గొడుగు ఎత్తుకు, దిగడానికి సంబంధం లేదు. కర్ర నాటిన నేలను చూడాలి.

నేలను చూడటం

మొదటి లెన్స్‌నే మళ్ళీ ఇంటి దగ్గర పెట్టుకుని రమ్మన్నాం. ఆరు గంటల లెన్స్ కంట్లో ఉండగానే మూడు పనులు చేశాం. ఖర్చు లేని పనులు, మొదటి రోజే చేసి ఉండాల్సినవి.

ముందు మామూలు వెలుగులో ల్యాండింగ్ కింది రక్తనాళాలను చుట్టూ చూశాం. గడియారం లెక్కన 3 దగ్గర, 9 దగ్గర నాళాలు తెల్లబారి ఉన్నాయి, అంచు దాటాక ఉబ్బి ఎర్రగా ఉన్నాయి. 12 దగ్గర, 6 దగ్గర నాళాలు లెన్స్ కింద ఏ అడ్డూ లేనట్టు పారుతున్నాయి. 6 దగ్గర అంచు కింద సన్నటి నీడ కూడా ఉంది, అంటే అక్కడ అంచు లేచి ఉంది.

రెండోది, ఫ్లోరెసిన్‌ను ఈసారి లెన్స్ పైన వేసి గడియారం చూస్తూ కూర్చున్నాం. పైన, కింద నుంచి రెండు నిమిషాల్లోపే పచ్చదనం లోపలికి పాకింది. ముక్కు వైపు, చెవి వైపు పది నిమిషాలైనా చుక్క కదల్లేదు. పొగ ఎక్కడి నుంచి వస్తోందో ఇంతకన్నా స్పష్టంగా ఎవరూ చూపించలేరు. రెప్ప కొట్టినప్పుడల్లా పై కింది సందుల నుంచి మురికి లోపలికి పోతోంది, అడ్డంగా మాత్రం అంచు బిగుసుకుని ఉంది. రెండో లెన్స్‌లో నీటి గిన్నె లోతు పెంచి మేమే ఆ మురికికి ఇంకా చోటిచ్చాం.

మూడోది, వంపు కొలిచే కెరటోమీటర్‌ను లెన్స్ ముందు తలం మీదే పెట్టి చూడటం. గుండ్రంగా ఉండాల్సిన తలం మీద దాదాపు 1 డయాప్టర్ తేడా. లెన్స్ వంగుతోంది. మొదట్లో మిగిలిన 1.25 సిలిండర్‌లో చాలావరకు కంటిది కాదు, వంగిన లెన్స్‌ది. ముందు తలం టోరిక్ ఆర్డరు పెట్టి ఉంటే వంకర లెన్స్‌కు వంకర పవర్ అతికించినట్టయ్యేది. ఇంకో మాట. నీటి మందం 100 మైక్రాన్లు తగ్గితే పవర్‌లో వచ్చే తేడా 0.1 డయాప్టర్ ప్రాంతమే. కాబట్టి లెన్స్ దిగింది గనుక చూపు తగ్గిందని ఎవరైనా అంటే నమ్మొద్దు. చూపు పడిపోతే వంగడమో, జారడమో, మసకో, ఉబ్బో ఉంటుంది.

లెన్స్ తీశాక తెల్లగుడ్డు మీద పడిన నొక్కు గుర్తు కూడా చుట్టూ వలయంలా లేదు, అడ్డంగా రెండు చంద్రవంకలు. ఇంక అనుమానం లేదు, ఈ స్క్లెరా గుండ్రంగా లేదు. అడ్డంగా చదును, నిలువుగా వాలు. కార్నియాకు దగ్గర్లో ఈ తేడా తక్కువగా ఉంటుంది, బయటికి పోయేకొద్దీ పెరుగుతుంది. 16 మిల్లీమీటర్ల లెన్స్ అంచు సరిగ్గా ఆ తేడా కనిపించే చోటే కూర్చుంటుంది. ముక్కు వైపు స్క్లెరా ఎత్తుగా ఉంటుంది కాబట్టి లెన్స్ చెవి వైపుకు జారడం కూడా అక్కడి నుంచే వచ్చింది.

మూడో లెన్స్

స్క్లెరాను కొలిచే ప్రొఫైలోమీటర్ మా దగ్గర లేదు. ట్రయల్ సెట్‌లో 150 మైక్రాన్ల తేడాతో టోరిక్ ల్యాండింగ్ ఉన్న లెన్స్ ఒకటుంది, చదును దిశలో రెండు చుక్కల గుర్తులుంటాయి. పెట్టిన కొన్ని నిమిషాలకు చుక్కలు అడ్డం నుంచి 15 డిగ్రీలు తిరిగి ఆగాయి. వేలితో లెన్స్‌ను 45 డిగ్రీలు పక్కకు తిప్పి వదిలితే పది పన్నెండు రెప్పలు కొట్టేసరికి మళ్ళీ అక్కడికే వచ్చింది. ఈ పరీక్ష తప్పకుండా చేయాలి. గుండ్రటి కంటి మీద లెన్స్‌కు తిరిగి రావాల్సిన చోటంటూ ఉండదు. ఎక్కడ వదిలితే అక్కడే ఉంటుంది, లేకపోతే తోచినట్టు తిరుగుతుంది.

ఈసారి ఆమెను మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టాం. మూడు గంటలకు నాళాల తెల్లబాటు చాలావరకు పోయింది, ముక్కు వైపు కొంచెం మిగిలింది. లెన్స్ మీద కెరటోమీటర్ తేడా 0.25కు దిగింది. 6 దగ్గర నీడ లేదు. మిగిలిన ఆ కొంచెం కోసం తేడాను 150 నుంచి 200 చేశాం. అడ్డంగా రెండు మెట్లు చదును, నిలువుగా రెండు మెట్లు వాలు. మేం వాడే డిజైన్‌లో ఒక మెట్టుకు అంచు దగ్గర సుమారు 50 మైక్రాన్లు. ల్యాబ్‌ను బట్టి ఇది మారుతుంది, ఆర్డరు రాసేముందు అడగాలి. అడ్డం దిశలో అంచు చదునుచేస్తే లెన్స్ అక్కడ ఆనే ఎత్తు తగ్గుతుంది కాబట్టి శాగ్ 4,700కు 50 కలిపి 4,750 రాశాం. పవర్‌ను మూడు గంటల తర్వాత చేసిన ఓవర్‌రిఫ్రాక్షన్ నుంచే తీసుకున్నాం. సిలిండర్ వేయలేదు.

మూడో లెన్స్ పెట్టగానే 300. బస్సు దిగి వచ్చాక, ఆరు గంటలకు, 190. అంటే 110 దిగింది, మామూలు కళ్ళలో దిగేంతే. పైన ముక్కు వైపు లింబస్ మీద సన్నటి పచ్చ గీత కనిపించింది, 50 ప్రాంతం. చూపు 6/9, సిలిండర్ అడగలేదు. పాకిమీటర్‌లో తేడా 2 శాతం లోపు. వలయాలు పోయాయి. ప్లంజర్‌కు తేలిగ్గా వస్తోంది.

కుడి కంటికి కూడా అప్పటికే గుండ్రటి లెన్స్ ఇచ్చి ఉన్నాం. అక్కడ ఫిర్యాదు లేదు. అయినా ఆరు గంటల దగ్గర చూస్తే అదే 3, 9 గుర్తు, కాస్త తక్కువగా. రెండు కళ్ళ స్క్లెరా సాధారణంగా అద్దంలో బొమ్మల్లా ఉంటుంది. ల్యాబ్ లెన్స్ మార్చి ఇచ్చే రీమేక్ గడువు అయిపోకముందే దాన్నీ 100 తేడాతో మార్పించాం.

అయినా మిగిలిన పొగ

ఇక్కడితో అయిపోయిందనుకున్నాం. నెలకు వచ్చి, పొగ తగ్గింది గాని పోలేదంది. పనిరోజుల్లో వస్తుంది, ఆదివారం రాదు. లెన్స్ కింది మసకకు వారం వర్జ్యం ఉండదు కదా. పొగ ఉన్నప్పుడు తడి దూదితో లెన్స్ పై తలాన్ని తుడవమన్నాం. తుడిస్తే చూపు తేటపడితే మురికి పైన ఉన్నట్టు, తేటపడకపోతే కింద ఉన్నట్టు. తేటపడుతోందట. స్లిట్ ల్యాంప్‌లో చూస్తే లెన్స్ తలం మీద తడి నిలవడం లేదు, తామరాకు మీద నీటిలా ముద్దలు కడుతోంది.

కారణం ఆమె చేతుల్లో ఉంది. గింజ కొట్టే దగ్గర జీడి అంటితే చర్మం కాలి పుండ్లు పడతాయి. దానికని అక్కడివాళ్ళు చేతులకు ముందే ఆముదమో కొబ్బరి నూనెనో పూసుకుంటారు. మధ్యాహ్నం లెన్స్ తీసి, కడిగి, మళ్ళీ నింపి పెట్టుకోమని చెప్పింది మేమే. ఒక్కసారి సబ్బు పెడితే ఆ నూనె పూర్తిగా పోదు, నేరుగా లెన్స్ మీదికి చేరింది. ఇంకా నయం, జీడి రసం కంట్లోకి పోలేదు. మొదటి లెన్స్ బాధకు చెప్పిన మందు మూడో లెన్స్‌కు రోగమైంది.

అంచులు సరిగ్గా కూర్చున్నాక మధ్యాహ్నం తీసే అవసరం లేదు, దాన్ని మాన్పించాం. షెడ్డులో లెన్స్ ముట్టుకోకూడదు, కంటికి ఏదైనా అయితే తప్ప. అప్పుడైనా రెండుసార్లు సువాసన లేని సబ్బుతో కడిగాకే. ఉదయం ఇంట్లో నూనె ముట్టకముందు పెట్టుకోవాలి, జుట్టుకు నూనె కూడా లెన్స్ తర్వాతే. లెన్స్‌ను ఒకసారి మా దగ్గర శుభ్రం చేసి ఇచ్చాం. పై తలానికి పూత ఉన్న లెన్సులైతే గరుకు క్లీనర్ తగలకూడదు, తగిలితే పూత పోతుంది. ముందు ల్యాబ్‌ను అడిగి తెలుసుకోవాలి.

సెలైన్ సంగతి కూడా అప్పుడే బయటపడింది. 10 మిల్లీలీటర్ల ఒంటి వాడకం ఆంప్యూల్స్ దొరకని వారంలో మందుల షాపులో 500 మిల్లీలీటర్ల సెలైన్ సీసా కొని, నాలుగు రోజులు అదే వాడింది. అందులో ప్రిజర్వేటివ్ లేదు కాబట్టి తెరిచిన సీసాలో క్రిములు పెరగడానికి అడ్డేమీ ఉండదు. ఆ నీరే రోజంతా కార్నియాను అంటుకుని ఉంటుంది. ఆంప్యూల్ లేని రోజు లెన్స్ పెట్టుకోవద్దు, కుళాయి నీరు మాత్రం ఎప్పుడూ వద్దు అని తెలుగులోనూ ఒడియాలోనూ రాసి ఇచ్చాం. షెడ్డులో తోటివాళ్ళు, ఇంట్లో వాళ్ళమ్మ, ఎవరికి ఏది చదవడం వస్తే అది చదువుతారు.

ఆరో నెల

ఇప్పుడు స్క్లెరల్ రోగులందరికీ అపాయింట్‌మెంట్ చీటీ మీద "లెన్స్ పెట్టిన టైం" అని ఒక గీత ఉంటుంది. నాలుగు గంటలు దాటని లెన్స్ మీద తీసిన క్లియరెన్స్‌ను రికార్డులో వేరే గడిలో రాస్తాం, దాని మీద ఆర్డరు పెట్టం. దూరం నుంచి వచ్చేవాళ్ళకు బస్సు ప్రయాణమే ఆ నాలుగు గంటలు.

ఆరో నెల ఎడమ కన్ను: పెట్టిన టైం 4.50, చూసిన టైం 11.10, శిఖరం మీద 170, ముక్కు వైపు లింబస్ 40. మొదటి నెల కన్నా 20 తగ్గింది. అది మా కొలత పొరపాటు కావచ్చు, పరుపు నెలల తరబడి ఇంకొంచెం అణగడమూ కావచ్చు. 3, 9 దగ్గర తెల్లబాటు లేదు, ఫ్లోరెసిన్ నాలుగు వైపులా ఇంచుమించు ఒకే తీరుగా, మెల్లగా పాకుతోంది. ఎండోథీలియల్ కణాల సంఖ్య ఏడాదికోసారి చూడాలి. శిఖరం మీద 100 కన్నా తగ్గినా, లింబస్ మీద పచ్చ గీత పోయినా అప్పుడు శాగ్ 50 పెంచుతాం, ల్యాండింగ్ ముట్టుకోం.